ఎడమవైపు గూడు

జూన్ 4

అక్కా,

నీ గొంతు ఎలా ఉందని అడగను. అడిగితే నువ్వు జవాబు చెప్పబోతావు. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ ఆరు వారాలు నోరు విప్పొద్దంది. పక్కన పిన్ని ఉంది కాబట్టి ఎలాగూ నీకు ఆ అవకాశం రాదు, ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేస్తుంది. ఫోన్లో రాసుకుందామంటే నువ్వు ఒక్క ముక్క పంపుతావు, నేను పది ముక్కలు తిడతాను, ఆపైన వారం రోజులు మూతి ముడుచుకోవడాలు. అందుకే కాగితం. మా గోదాము వ్యాను వారానికి రెండు మూడు సార్లు అటు వస్తుంది. డ్రైవరు ఉత్తరం పిన్ని గుమ్మంలో ఇస్తాడు, నీది ఉంటే పట్టుకొస్తాడు.

ముందు గది కారుతోంది. అదే, నీ ఫోనిక్స్ గది. కిటికీకి చెరో పక్కన ఉన్న రెండు గూళ్ళ మీదా నీళ్ళు. కప్పు బాగుచేసే మనిషి శనివారం వస్తాడు, ఈలోగా గది ఖాళీ చేసి, అతను వెళ్ళాక మళ్ళీ సర్దాలి. మొదలుపెట్టాను. తల తిరిగిపోయింది. అక్షరాల కార్డులు చెప్పుల డబ్బాలో, బొమ్మల కార్డులు బిస్కెట్ల డబ్బాలో, వేలితో రాసుకునే ఇసుక పళ్ళెం మంచం కింద, అయస్కాంతం అక్షరాలు ఫ్రిజ్ వెనకాల. పిల్లలు తమ నోరు తాము చూసుకునే చేతి అద్దాలు ఏడు, వాటిలో మూడు పగిలినవి. ఒక డబ్బా తెరిస్తే కార్డులతో పాటు పాల పన్ను దొరికింది. ఎవరిదమ్మా అది?

బడిలో చదవడం రాదని తేల్చేసిన పిల్లలకి ఎనిమిదేళ్ళుగా ఈ గదిలో ఒక్కో ఇంగ్లీషు శబ్దం నేర్పి చదివిస్తున్నావు. ఒక్క లేబులు లేదు! మా దగ్గర ఇలా ఉంటే సూపర్వైజరు నన్ను బయట నిలబెడతాడు. నాకు వదిలెయ్. ఏది పారెయ్యాలో, ఏది ఉంచాలో మాత్రం చెప్పు.

నీ తమ్ముడు

జూన్ 7

ఒరేయ్ తమ్ముడూ,

తిట్టినా చక్కగా రాస్తావురా. పిన్ని నీ ఉత్తరం పైకి చదివి వినిపించింది. నాకు పోయింది గొంతే, కళ్ళు కాదని సైగ చేస్తే మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఎడమవైపు గూడు జోలికి పోకు. అందులో ఏదీ కదపకు, తుడవకు, పారెయ్యకు. తడిస్తే ఆరబెట్టి ఎలా ఉన్నది అలాగే పెట్టు. కుడివైపుది నీ ఇష్టం, అందులో సగం చెత్తే, ఎప్పటినుంచో తియ్యాలనుకుంటున్నాను.

ఇంకో మాట. దర్జీ ఆవిడ కూతురు తెలుసుగా, నువ్వు గుండీ అంటావు. తల్లి ఊరందరికీ గుండీలు కుడుతుంది, ఇది మాత్రం తన గౌను గుండీలు రోజూ ఒకటి తప్పించి పెట్టుకుంటుంది. దానికి ఇరవై ఎనిమిదిన బడిలో చదివించి చూస్తారు. పది మాటలు. చదవలేకపోతే కింది తరగతి చిన్నపిల్లలతో కూర్చోబెడతారు. ఇప్పటికే ఒకసారి అలా కూర్చుంది. ఇంకోసారి అంటే అది పుస్తకం ముఖం చూడదు, నాకు తెలుసు. రోజూ నాలుగింటికి వచ్చి తన డబ్బా తీసుకుని తనంతట తాను చదువుకుంటుంది. ఆ గూట్లోనే ఉంటుంది. తలుపు తీసి ఊరుకో చాలు. పిల్ల మీద అరవకు.

అక్క

జూన్ 11

అక్కా,

అయిపోయింది. వచ్చి చూసుకో, నీ గదేనా అని కళ్ళు నులుముకుంటావు.

నీ ఎడమ గూడు దేవుడి సొత్తులా కాపాడాను. కప్పు మనిషి చెయ్యి పెట్టబోతే కసిరాను. అయినా అడుగుతాను, ఎండిపోయిన రంగు పెన్నులు, గాలిపోయిన బుడగలు, మూడేళ్ళ కిందటి క్యాలెండర్లు, ఖాళీ డబ్బాలు, వీటిని ఎందుకు దాచుకున్నావు? సరే, నీ పిచ్చి నీది.

కుడి గూటికి మాత్రం మోక్షం వచ్చింది. అందులో కార్డులన్నీ డ్యామేజి సరుకే. మూలలు చిరిగి, మధ్యలో విరిగి, జిడ్డు పట్టి, కొన్నిటి మీద అక్షరమే అరిగిపోయి. మా దగ్గర అలాంటిది ర్యాక్ ఎక్కదు. సంచిలో వేసి గోదాముకి తీసుకెళ్ళి పాత అట్టలతో పాటు మూటలు కట్టే ప్రెస్సులో పడేశాను. ట్రంకులో నీ కొత్త సెట్టు సీలు విప్పకుండా ఉంది. అది తీసి ఎ నుంచి జెడ్ దాకా వరసగా పెట్టాను. బొమ్మలు ఒక అర, అద్దాలు ఒక అర, ప్రతి అరకీ నంబరు. కళ్ళు మూసుకుని తీసినా దొరుకుతుంది.

గుండీ వచ్చింది. గూడు ముందు నిలబడి చాలాసేపు చూసింది. "ఏం కావాలే?" అన్నాను. కొత్త కార్డులు చేతికిచ్చాను. వాసన చూసి తిరిగిచ్చేసింది. "ఇవి ఎవరివి?" అని అడిగి వెళ్ళిపోయింది. నీవేనే అంటే వినదే! ఈ పిల్లకి ఏం చెప్తున్నావు నువ్వు?

నీ తమ్ముడు

జూన్ 12

తమ్ముడూ,

నీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు, వ్యాను వెళ్ళిపోయేలోగా నేనే రాస్తున్నాను. నిన్న చెకప్ చేశారు. కుట్టు మానుతోందట. పిన్ని డాక్టరమ్మతో "మా పిల్ల కాస్త బలహీనంగా మాట్లాడుతోంది" అంది. మాట్లాడానా నేను! డాక్టరమ్మ నన్ను ఎర్రగా చూసింది.

గుండీ డబ్బా తీస్తోందా? నువ్వు చూస్తే అసహ్యించుకుంటావు గానీ, ఆ నలిగిన కార్డులే నా లెక్క. నేను ఏ పిల్లకీ పుస్తకంలో మార్కులు రాసుకోను. ఏ శబ్దం దగ్గర పిల్ల తడబడితే ఆ కార్డుని పదే పదే పట్టుకుంటుంది, వంచుతుంది, నోట్లో పెట్టుకుంటుంది, కోపం వస్తే చింపుతుంది. ఎంత నలిగితే ఆ శబ్దంతో అంత పోరు జరిగినట్టు. శుభ్రంగా ఉన్న కార్డు వచ్చేసిన కార్డు. డబ్బా తెరవగానే పిల్ల ఎక్కడుందో కనిపిస్తుంది. గుండీకి కూడా అదే ధైర్యం. "వీటితో ఇంత కుస్తీ పట్టాను కదా" అని తనకి తాను చూసుకుంటుంది.

ఆ పాల పన్ను దానిదే. ఒక శబ్దం పలుకుతుంటే ఊడింది. పారెయ్యకు.

అక్క

జూన్ 14

అక్కా,

నీ ఉత్తరం ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడి చదివాను. చదివి ప్రెస్సు దగ్గరికి పరిగెత్తాను. మూటలు మొన్ననే లారీ ఎక్కాయట. కాగితం మిల్లుకి వెళ్ళిపోయాయి. ట్రాలీ వాడు "ఏం పోయింది, బంగారమా?" అని నవ్వాడు. వాడి కాలరు పట్టుకున్నాను. సూపర్వైజరు వచ్చి విడదీశాడు.

ఇంటికొచ్చి గదిలో నిలబడి ఆలోచించాను. నువ్వు చాప మీద ఎలా కూర్చుంటావు? కిటికీకి వీపు పెట్టి, పిల్లకి ఎదురుగా. కూర్చుని చూశాను. నీ ఎడమ నా కుడి! గూళ్ళకి ఎదురుగా నిలబడి సర్దేవాడికి చెప్పేటప్పుడు గూళ్ళకి వీపు పెట్టి కూర్చున్న నీ ఎడమ చెప్తావా? ఎనిమిదేళ్ళుగా అక్కడే కూర్చుని ప్రపంచమంతా నీ వీపు వెనకే ఉందనుకుంటున్నావు. నేను నువ్వు రాసినట్టే చేశాను. అక్షరం కూడా తప్పలేదు. ఎండిపోయిన రంగు పెన్నులకి కాపలా కాశాను.

తప్పు నాది కాదు. కానీ చేసింది నేనే. పన్ను మాత్రం ఉంది, అగ్గిపెట్టెలో పెట్టాను.

తమ్ముడు

జూన్ 17

తమ్ముడికి,

సరే. అయిందేదో అయింది. ఇంక ఏదీ సర్దకు. గుండీ వస్తే దాని ముందు నువ్వు నోరు తెరవకు. వాళ్ళమ్మతో చెప్పి, ఈ పదిరోజులూ వంతెన అవతల టీచరమ్మ దగ్గరికి పంపమను. ఎక్కువ రాయలేను, తల నొప్పిగా ఉంది.

అక్క

జూన్ 18

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. తిడతావని తెలుసు. తిట్టేలోగా ఇది చదువు.

గుండీ ఇంటికి వెళ్ళాను. దర్జీ ఆవిడ మిషను ఆపకుండానే విన్నది. చివరికి, "పాతవి పారేస్తే కొత్తవి కొనుక్కుంటాం, దానికి ఇలా మొహం వేలాడేసుకోవడం దేనికయ్యా" అంది. ఆవిడకి అర్థం కాలేదు. గుండీకి అయింది. బల్ల కింద కూర్చుని ఉంది. నేను కూడా కిందికి దూరాను, అంత ఎత్తు మనిషిని. "నీ కార్డులు నేనే పారేశానే" అన్నాను.

"అన్నీనా?"

"అన్నీ."

"మరి నాకేవి రావో టీచరుకెలా తెలుస్తుంది?"

"నీకు తెలుసుగా. నువ్వు చెప్పు, నేను రాస్తాను" అన్నాను.

మర్నాడు గోదాము నుంచి మందం అట్టలు తెచ్చాను. కత్తిరించి కుప్పగా పోశాను. నీ కొత్త సెట్టు పరిచి "ఏవి నీకు పడవో తియ్" అన్నాను. ఆరు తీసింది. అందులో బ్, డ్ రెండూ ఉన్నాయి. ఇంగ్లీషు చిన్నక్షరాల్లో రెంటికీ ఒకటే కర్ర, ఒకటే బొజ్జ, ఒకదానికి బొజ్జ ఇటు, ఇంకోదానికి అటు. "ఇవి నన్ను ఏడిపిస్తాయి" అంది. ఏడిపించవా మరి, ఏది కుడో ఏది ఎడమో ఈ ఇంట్లో పెద్దవాళ్ళకే తెలియదు.

ఆరూ అట్టల మీద రాసింది. నేను టేపు వెయ్యబోతే "వద్దు, నలగవు" అని లాక్కుంది. నేను ఒక్కో శబ్దం అంటాను, అది కార్డు ఎత్తుతుంది. రోజూ గంట. నాకు ఎలా నేర్పాలో తెలియదు. నాకు ఎవరూ నేర్పలేదు. పదమూడేళ్ళకి బడి మానేసి పెట్టెల మీద లేబుళ్ళు చూసి చూసి చదవడం వచ్చినవాణ్ణి. శబ్దాలు కలిపి కాదు, మాట మొత్తం ఒక బొమ్మలా గుర్తుపెట్టుకుని. తప్పు చెప్తున్నానేమో. చెప్పు.

నీ తమ్ముడు

జూన్ 20

అక్కగారికి,

పదిహేడో తారీకు ఉత్తరం అందింది. అర్థమైంది. పెట్టెలు మోసేవాడి నోరు పిల్లల ముందు తెరవడానికి పనికిరాదు. బడి మానేసినవాడు బడి పిల్లకి ఏం చెప్తాడు, నిజమే. నాతో ముందే అనాల్సింది, ఇంత దూరం ఎందుకు రానిచ్చావు?

వంతెన అవతల టీచరమ్మ ఊళ్ళో లేదు. గుండీ నాలుగింటికి వచ్చింది. నేను నోరు తెరవలేదు. కార్డులు ముందు పెట్టి గోడకి ఆనుకుని కూర్చున్నాను. అది చూసి చూసి, "నీకూ గొంతు కోశారా?" అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. "నొప్పిగా ఉందా?" మళ్ళీ ఊపాను. లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. పిన్నిలాగే.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. ఈసారి ఎవరి ఎడమో అడగను.

ఇట్లు

జూన్ 22

ఒరేయ్ తమ్ముడూ, నా బంగారు కొండా,

పద్దెనిమిదో తారీకు ఉత్తరం ఇవాళ అందింది. మూడుసార్లు చదివాను. ఆరు కార్డులు పిల్ల చేత తీయించావా! నాకు రెండు నెలలు పట్టేదిరా అది. నేను డబ్బా చూసి తెలుసుకునేదాన్ని, నువ్వు పిల్లనే అడిగావు. నాకెప్పుడూ తోచలేదు.

ఆపకు. రోజూ చెయ్యి. ఒక్కటే జాగ్రత్త. నోరు తెరవకు అన్నది అందుకే. నువ్వే కాదు, పెద్దవాళ్ళందరూ శబ్దానికి తోక తగిలిస్తారు. బ్ అనాల్సిన చోట బ అంటారు, ట్ అనాల్సిన చోట ట. పిల్ల ఆ తోకలన్నీ కలిపి చదివితే మాట రాదు, ఇంకేదో వస్తుంది. గుండీకి ఉన్న జబ్బే అది, వాళ్ళమ్మ నేర్పింది. ఆరు నెలలు పట్టింది మాన్పడానికి. నీ నోట మళ్ళీ వింటుందేమోనని భయపడ్డాను. అద్దం తీసుకో. పెదాలు మూసి, చిన్నగా పేల్చి ఆగిపో. చివర నోరు తెరుచుకుంటే అది తప్పు. అంతే.

అక్క

జూన్ 25

అక్కా,

ఒక ఉత్తరం నోరు ముయ్యమంటుంది, ఇంకోటి పెదాలు మూసి పేల్చమంటుంది. ఒకటి వంతెన అవతలికి, ఒకటి కొండమీదికి! మధ్యలో నేను ఐదు రోజులు మూగవాణ్ణి. రెండు ఉత్తరాలూ బల్లమీద పక్కపక్కన పెట్టి తారీకులు చూశాక గానీ బుర్రకెక్కలేదు. తలనొప్పి అని రాసి ఊరుకునే బదులు తోక సంగతి ఆ రోజే ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది? నా ఇరవయ్యో తారీకు ఉత్తరం కూడా వచ్చి ఉంటుంది. చింపెయ్.

గోదాములో టీ వేళకి చేతి అద్దం పెట్టుకుని ప్, ట్, బ్ అంటుంటే ట్రాలీ వాడు "ఎవరికిరా ముద్దులు?" అన్నాడు. చెప్పాను. నవ్వలేదు. వాడికీ ఒక కూతురుందట. ఇప్పుడు నలుగురం పేలుస్తున్నాం.

ఇవాళ మళ్ళీ నోరు తెరిచాను. "గొంతు అతుక్కుందా?" అంది. నేను బ్ అన్నాను. "తోక" అంది. మళ్ళీ అన్నాను. "ఇంకా కొంచెం తోక." ఆరోసారికి తల ఊపింది. అక్కా, ఆ ఊపు చూసి నాకు ఏదో అయింది. ఇన్నేళ్ళుగా లేబుళ్ళు చదువుతున్నవాణ్ణి, ఒక్క శబ్దం సరిగ్గా అన్నానని ఏడేళ్ళ పిల్ల ఒప్పుకుంటే.

కానీ ఐదు రోజులు పోయాయి. మూడే మిగిలాయి.

తమ్ముడు

జూన్ 28

అక్కా,

గుండీ ఒక్క మాట కూడా చదవలేదు.

సెలవు పెట్టి నేనూ వెళ్ళాను, దర్జీ ఆవిడతో. లోపలికి రానివ్వలేదు. తలుపు సందులోంచి చూశాను. చదివించే ఆవిడ మంచిదే, గొంతు మెత్తన. తళతళలాడే కార్డు ఒకటి ముందు పెట్టింది. గుండీ ఆ కార్డుని చూసింది, ఆవిడ నోటి కోసం చూసింది. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంటూ తల వంచుకుని ఉంది. గుండీ వంగి ఆవిడ మొహం కిందనుంచి చూడబోయింది. "నన్ను కాదమ్మా, కార్డుని చూడు" అంది ఆవిడ. అంతే, అక్కడితో పిల్ల బిగుసుకుపోయింది. పది కార్డులూ అలాగే వెళ్ళిపోయాయి.

తలుపు తన్నేవాణ్ణే. దర్జీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, తనే లోపలికి వెళ్ళింది. "నా కూతురు మౌనంగా ఉంది, చదవలేదని ఎలా రాస్తారు?" అంది. గొంతు పెంచలేదు. కదల్లేదు. చివరికి మంగళవారం, మూడో తారీకు, ఇంకొక్కసారి చూస్తామన్నారు. అదే ఆఖరు.

బయటికొచ్చాక గుండీని అడిగాను. "ఆవిడ నోరు కనబడలేదు" అంది. నేనే ఇలా చేశాను అక్కా. ఐదు రోజులు నోరు మూసుకుని కూర్చున్న మొండి గాడిదని. పిల్లకి మూసిన నోరంటే భయం పట్టించాను. నాకు ఇంక ఏం చెయ్యాలో తెలియదు. చెప్పు. వ్యాను రేపే వస్తుంది, వెంటనే చెప్పు.

తమ్ముడు

జూన్ 29

తమ్ముడూ,

డ్రైవరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, గబగబా రాస్తున్నాను.

నువ్వు భయపెట్టలేదు. అది నా పని. ఆర్నెల్లుగా నా నోరు చూపించి నేర్పాను, నా నోరు లేకుండా చదవడం నేర్పలేదు. నా కళ్ళకీ ఇప్పుడే కనిపించింది.

రేపు బస్సులో వస్తున్నాను. పిన్ని ఒప్పుకోలేదు, డాక్టరమ్మ సగం ఒప్పుకుంది. మాట్లాడను. మూడు రోజులున్నాయి. మొదటి రోజు నేను నోరు ఆడిస్తాను, నువ్వు శబ్దం చెయ్యి. రెండో రోజు నేను నోటికి కాగితం అడ్డం పెట్టుకుంటాను, నువ్వు నా వెనక నిలబడి శబ్దం చెయ్యి. మూడో రోజు ఇద్దరం దానికి వీపు తిప్పి కూర్చుంటాం. శబ్దం అదే చేస్తుంది.

నాతో వాదించకు. ఎలాగూ నేను జవాబు చెప్పలేను.

అక్క

జూలై 3

తమ్ముడూ,

నీ షిఫ్టు అయ్యేదాకా ఆగలేక ఈ బల్ల మీద రాసి పెడుతున్నాను. సూపర్వైజరు సెలవివ్వలేదని పొద్దున తలుపు ఎలా వేశావో వీధంతా వింది.

నన్ను లోపలికి రానిచ్చారు, మాట్లాడలేనని చీటీ చూపిస్తే పిల్లకి జవాబులు అందించలేనని నమ్మారు. గోడవైపు తిరిగి కూర్చున్నాను. అందుకని నేను చూసింది ఏమీ లేదు, విన్నదే చెప్తున్నాను.

మొదటి మాట దగ్గర చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఒక శబ్దం, ఇంకోటి, ఇంకోటి, మూడూ కలిసి మాట. తోక లేదు. ఆ పైన ఆగలేదు. ఎనిమిదోది బ్, డ్ రెండూ ఉన్న మాట. ఆగింది. ఆవిడ "పోనీలే అమ్మా, తర్వాతది చూద్దాం" అంది. "ఉండండి, నాకిది పడదు. కుస్తీ పడుతున్నాను" అంది మన గుండీ. అచ్చం నీలాగే కసిరింది. ఆవిడ ఆగింది. గుండీ మొదట తప్పు చదివింది, తనే "కాదు" అని మళ్ళీ చదివింది. అంతా కలిపి తొమ్మిది. పదోది రాలేదు. తొమ్మిది చాలట. తన తరగతిలోనే ఉంటుంది.

దర్జీ ఆవిడ బయట మెట్ల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నవ్వాను, శబ్దం లేకుండా. అదెంత కష్టమో నీకు తెలియదు.

గుండీ మాత్రం నీ మీద కోపంగా ఉంది. రాని ఆ పదో మాటకి అట్ట ఎందుకు చెయ్యలేదని. రేపు నాలుగింటికి వస్తుంది. ఇంకో ముగ్గురు తల్లులు కూడా కబురు పెట్టారు. డాక్టరమ్మ ఇంకో నెల నోరు విప్పొద్దంది.

అట్టలు తే. షిఫ్టు మార్పించుకో, సూపర్వైజరుని కొట్టకుండా. నేర్పడం నేను చూసుకుంటాను, గొంతు నీది.

అక్క